సమితి పోయింది, సమితి ఆఫీసు పోలేదు

టౌను మధ్యలో ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలుకు ప్రహరీ ఎవరు కట్టాలి, ఊరు మున్సిపాలిటీలో కలిశాక పంచాయతీ కొట్ల అద్దె ఎవరికి పోతుంది? ఇలాంటి పేచీ రాగానే అందరూ కొత్త జీవో కోసం వెతుకుతారు. ముడి మాత్రం చాలా పాతది.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1934లో తాలూకా బోర్డులు ఎత్తేస్తే వాటి రోడ్లు, బడులు జిల్లా బోర్డుల కిందకి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1959లో పంచాయతీరాజ్ వచ్చాక జిల్లా బోర్డులూ పోయాయి, వాటి హైస్కూళ్లు జిల్లా పరిషత్‌లవి అయ్యాయి (పెద్దవాళ్లు ఇప్పటికీ బోర్డు స్కూలు అనేది అందుకే). ఇక్కడిదాకా పెద్ద గొడవేం లేదు, పాత సంస్థ పోయింది, కొత్తది వారసత్వంగా తీసుకుంది.

1986 చట్టంతో సమితులు (అంటే గ్రామ పంచాయతీకీ జిల్లా పరిషత్‌కీ మధ్య ఉన్న పంచాయతీ సమితులు) రద్దయి మండల పరిషత్‌లు వచ్చినప్పుడు చిక్కొచ్చింది. సుమారు 330 సమితుల చోట వెయ్యికి పైగా మండలాలు, అంటే ఒక్కో సమితికి ముగ్గురు నలుగురు వారసులు. డబ్బు పంచొచ్చు, సిబ్బందిని సర్దొచ్చు, బిల్డింగును ముక్కలు చేసి పంచలేం కదా! అది ఏ మండలంలో పడితే ఆ మండలానిదే అయింది, మిగతావి సొంత గూడు వెతుక్కోవాల్సి వచ్చింది.

అసలు పీటముడి పంచాయతీలకూ మున్సిపాలిటీలకూ రాజ్యాంగ హోదా ఇచ్చిన 73, 74 రాజ్యాంగ సవరణల తర్వాతది. పల్లెలకో చట్టం, పట్నాలకో చట్టం, రెండు వేర్వేరు శాఖలు. ఒక ఊరు మున్సిపాలిటీలో కలిస్తే పంచాయతీ రద్దవుతుంది కాబట్టి దాని ఆస్తులూ అప్పులూ మున్సిపాలిటీకి దఖలు పడతాయి, కానీ అదే ఊళ్లో ఉన్న జిల్లా పరిషత్ స్థలం అలా పడదు, ఎందుకంటే జిల్లా పరిషత్ ఇంకా బతికే ఉంది. పోయిన సంస్థ ఆస్తి చట్టంతోనే చేతులు మారుతుంది, బతికున్న సంస్థ ఆస్తి కావాలంటే తీర్మానం, ప్రభుత్వ ఉత్తర్వు, సర్వే అంటూ తిరగాలి. పైగా అద్దెలొచ్చే కాంప్లెక్సును ఎవరు వదులుకుంటారు? రిపేర్లకొచ్చిన బడినైతే ఇద్దరూ మీదే మీదే అంటారు.

తెలంగాణ 2019లో 9 జిల్లా పరిషత్‌లను 32 చేసి ఈ పంపకానికి దిగింది. ఆంధ్రప్రదేశ్ 2022లో జిల్లాలను 26 చేసినా జిల్లా పరిషత్‌లను మాత్రం పాత 13గానే ఉంచేసింది.