పాడుబడిన ఇల్లు వేరు, వదిలేసిన ఇల్లు వేరు: కొన్ని లాటిన్ మాటల మీద అపోహలు - వాస్తవాలు

సంక్రాంతి వెళ్లిన వారం మా వకీలు ఆఫీసుకి ఒకే రకం ఫోన్లు వస్తాయి. ఊళ్లో తాళం వేసి ఉన్న తాతల నాటి ఇంటిని చూసొచ్చినవాళ్లవి. "సార్, వెనక గోడ కూలింది. అది డెరెలిక్ట్ అయిపోయింది, ఇంక మీది కాదని లా చదివిన ఒకాయన చెప్పాడు. నిజమేనా?" గొంతులో టెన్షన్ తెలిసిపోతుంటుంది. నిజం కాదండీ. ఆ ఒకాయన ప్రతి ఊళ్లోనూ ఉంటాడు.

అపోహ: ఖాళీగా ఉండి కూలిపోతే డెరెలిక్ట్, డెరెలిక్ట్ అయితే ఎవరిదీ కాదు.

వాస్తవం: లాటిన్‌లో రెలిన్క్వెరె అంటే విడిచి వెళ్లడం. దానికి 'డే' చేరితే డెరెలిన్క్వెరె, పూర్తిగా వదులుకోవడం. డెరెలిక్ట్ అందులోంచే వచ్చింది. వదులుకున్నారా లేదా అన్నది రోమన్లు గోడని చూసి తేల్చలేదు, యజమాని మనసుని బట్టి తేల్చారు. 'ఇది ఇక నా సొత్తుగా ఉండొద్దు' అనుకుని పారేసిందే వదిలేసిన వస్తువు అని జస్టినియన్ చక్రవర్తి 533లో తెచ్చిన న్యాయ పాఠ్యగ్రంథం చెప్తుంది. ఆ వెంటనే తుఫాను సంగతి ఎత్తుతుంది. ఓడ తేలికవ్వాలని సముద్రంలోకి విసిరేసిన సరుకు ఒడ్డుకి కొట్టుకొచ్చినా యజమానిదే. కాజేద్దామని తీసుకెళ్తే అది దొంగతనం. పరిగెత్తే బండిలోంచి తెలియకుండా జారిపడిన వస్తువుకీ అదే లెక్క. అంతెందుకు, నిజంగా వదిలేసిన వస్తువు మీద కూడా రోమన్ న్యాయవేత్తల్లో తగువుంది. వదిలిన క్షణమే హక్కు పోతుందని సబీనస్ వర్గం, ఇంకొకరు తీసుకునేదాకా పోదని ప్రోక్యులస్.

మన దగ్గర కూడా ఖాళీగా ఉన్నంత మాత్రాన ఇంటి మీద హక్కు పోదు. వేరొకరు అందులో చేరి, బాహాటంగా, మీకు వ్యతిరేకంగా, తమదే అన్నట్టు 12 ఏళ్లు ఉంటేనే భయం. దావాల గడువులు చెప్పే 1963 నాటి లిమిటేషన్ చట్టం చూసేది దాన్ని. ఏడాదికోసారి వెళ్లి రండి, పన్ను కట్టి రసీదు దాచుకోండి.

ఈ మాట మీద నాకింత పట్టుదల ఎందుకంటే, నేనే ఒకసారి దెబ్బతిన్నాను. ప్రాక్టీసు మొదలెట్టిన రోజుల్లో ఒక పెద్దావిడ తరఫున ఇంగ్లీషులో నోటీసు రాస్తూ, శిథిలమైన ఇల్లు అనడానికి స్టయిలుగా ఉంటుందని 'డెరెలిక్ట్ హౌస్' అని పెట్టాను. అవతలి వకీలు జవాబులో ఆ ఒక్క మాటే పట్టుకున్నాడు: వదిలేశామని మీరే ఒప్పుకున్నారుగా! ఆవిడ నిద్రపోలేదు, నేనూ పోలేదు. సవరించుకుని బయటపడ్డాం గానీ, మా సీనియర్ పెట్టిన చీవాట్లు ఇప్పటికీ గుర్తే.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

వదిలేయడం అనే అర్థంలో వాడే అబాండన్ కూడా లాటినే అనుకుంటారు. కాదు, పాత ఫ్రెంచి మాట. దాని మూలం జర్మానిక్ భాషల్లో ఉంది.

ఆబ్సొలీట్ (వాడుక పోయింది), ఆబ్సొలెసెంట్ (వాడుక పోతున్నది) ఒకటే అనుకుంటారు. ఒబ్సొలేటస్ అంటే రోమన్లకి నలిగి వెలిసిన బట్ట. హొరేస్ కవి పాడుబడ్డ ఇంటికప్పుకీ వాడాడు. ఇక ఆబ్సొలెసెంట్ మధ్యలో వినిపించే ఆ 'స' లాటిన్‌లో 'స్క్'. సెనెస్కెరె అంటే ముసలితనం మీదపడుతూ ఉండడం. 'స్క్' ఉందంటే పని ఇంకా నడుస్తోందని. అంటే ఆబ్సొలెసెంట్ వస్తువు ఇంకా అటకెక్కలేదు, నిచ్చెన మీద ఉంది.

సెనైల్ అనగానే మతిమరుపే గుర్తొస్తుంది. సెనెక్స్ అంటే వయసు మళ్లినవాడు, అంతే. సెనేట్ అందులోంచే వచ్చింది. రోమన్ సైన్యం లెక్కల్లో 46 నిండితే సీనియర్లే. ఆ లెక్కన నేనెప్పుడో చేరిపోయాను.

డెసువెటూడో, అంటే వాడుక తప్పడం. వాడకపోతే చట్టం దానంతటదే చచ్చిపోతుందన్న ధీమా చాలామందికి ఉంది. జనం వాడడం మానేస్తే చట్టం రద్దయినట్టేనని రోమన్ న్యాయవేత్త జూలియన్ అన్న మాట నిజమే. ఇంగ్లండు ఒప్పుకోలేదు. 1817లో హత్యానేరం మీదపడ్డ ఒకతను కోర్టులో చేతితొడుగు కింద పడేసి, ఫిర్యాదుదారుని ద్వంద్వయుద్ధానికి పిలిచాడు. ఎప్పుడో మూలపడ్డ పద్ధతి అయినా అది చట్టమేనని 1818లో జడ్జీలు ఒప్పుకోక తప్పలేదు. మరుసటి ఏడాది పార్లమెంటు దాన్ని రద్దు చేసింది. మన సుప్రీంకోర్టు 1995లో పుణె మున్సిపల్ కార్పొరేషన్ కేసులో ఈ సూత్రాన్ని ఒప్పుకుంది గానీ, చాలాకాలం వాడకపోవడం ఒక్కటే చాలదని, దానికి విరుద్ధమైన ఆచారం కూడా నడిచి ఉండాలని చెప్పింది. "ఆ సెక్షన్ ఇప్పుడెవరు వాడుతున్నారండీ" అని నోటీసు పక్కన పడేసినవాళ్లు, గడువు దాటకముందే దాన్ని తీసి మీ వకీలుకి చూపించండి.