యుద్ధకాలపు సంతకాలు, ఫొటోలు: విశాఖ సేకర్తలకు అపోహలు - వాస్తవాలు

విశాఖలో రిటైరైన నేవీ కుటుంబాలు ఎక్కువ. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు 1971 భారత్-పాక్ యుద్ధం నాటి సంతకాలు, ఫొటోలు ఉన్న ఆల్బములు పాత పేపర్ల కొట్టుకు చేరిపోతుంటాయి. వాటిని కాపాడాలనుకునే వాళ్లను దారి తప్పించే నమ్మకాలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఫొటో యుద్ధకాలం నాటిదైతే దాని మీది సంతకమూ అప్పటిదే.

వాస్తవం: ఫొటో తీసిన తేదీ, ప్రింటు వేసిన తేదీ, సంతకం పెట్టిన తేదీ మూడూ వేర్వేరు కావచ్చు. దేనికదే తేల్చాలి. ముందు హోదా చూడండి. యుద్ధం నాటి ఆర్మీ చీఫ్ మానెక్‌షా ఫీల్డ్ మార్షల్ అయింది 1973 జనవరిలో. ఆ హోదాతో సంతకం ఉండి, పక్కన 1971 డిసెంబరు తేదీ ఉంటే ఆ తేదీని నమ్మొద్దు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా 1971 డిసెంబరు 9న మునిగిపోయిన యుద్ధనౌక ఐఎన్ఎస్ ఖుక్రీతో పాటే ప్రాణాలు వదిలారు. ఆ తర్వాతి తేదీతో ఆయన సంతకం ఉండే వీలే లేదు. యూనిఫాం మీద పూర్వీ స్టార్ (1971 యుద్ధంలో తూర్పు రంగంలో పనిచేసినవారికి ఇచ్చిన పతకం) రిబ్బను కనిపిస్తే ఆ ఫొటో యుద్ధం ముగిశాక తీసిందే. నేవీ యూనిఫాం మీద హోదా చూపే పట్టీలు కమాండర్‌కు మూడు, కెప్టెన్‌కు నాలుగు. ఫొటో కింద రాసిన హోదాతో అవి సరిపోవాలి.

ఫొటోతో ఉన్న పోస్టు కవరు కూడా సాక్ష్యమే. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. 1971 నాటిదని చెప్పే కవరు మీద చిరునామాతో పాటు ఆరంకెల పిన్ ఉంటే ఆ చిరునామా తర్వాత రాసిందే.

అయితే రిటైరయ్యాక ఒక అధికారి తన పాత ఫొటో మీద పెట్టిన సంతకం నకిలీ కాదు. అది అసలైనదే, దాచుకోదగ్గదే. యుద్ధకాలపుదని మాత్రం చెప్పకూడదు.

అపోహ: ఢాకా లొంగుబాటు ఫొటోలో మానెక్‌షా ఉన్నారు.

వాస్తవం: లేరు. 1971 డిసెంబరు 16న బల్ల దగ్గర కూర్చున్నది భారత తూర్పు సైన్యాధిపతి అరోరా, లొంగిపోయిన పాక్ సేనాని నియాజీ. వెనక నిలబడ్డవారిలో తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఉన్నారు. విశాఖ సేకర్తలు వెతకాల్సిన ముఖం ఆయనదే.

అపోహ: భూతద్దంలో చుక్కలు కనబడకపోతే అది చేతి సంతకమే.

వాస్తవం: 10 రెట్లు చూపే భూతద్దంలో సంతకం గీతలోనే అచ్చు చుక్కలు కనిపిస్తే అది అచ్చు వేసింది, సందేహం లేదు. చుక్కలు లేనంత మాత్రాన పని అయిపోలేదు. సంతకం ఉన్న ఫొటోనే మళ్లీ ఫొటో తీసి ప్రింటు వేస్తే చుక్కలు రావు. ప్రింటును పక్క వెలుతురులో ఏటవాలుగా పట్టి చూడండి. అసలు సిరా కాగితం పైన నిలిచి వేరే మెరుపు ఇస్తుంది, బాల్‌పెన్ గాడి కనిపిస్తుంది. కాపీలో సంతకం కూడా బొమ్మతో పాటు ఒకే నునుపులో కలిసిపోతుంది. రబ్బరు స్టాంపులో సిరా గీత అంచులకు చేరుతుంది. రెండు ప్రింట్ల మీది సంతకాలు ఒకదానిపై ఒకటి పెడితే వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయంటే అనుమానించండి; ఏ మనిషీ రెండుసార్లు అచ్చు ఒకేలా సంతకం పెట్టడు.

బాల్‌పెన్ సామాన్యుల చేతికి వచ్చింది 1945 తర్వాతే. విశాఖ మీద జపాన్ బాంబులు పడిన 1942 ఏప్రిల్ నాటిదని చెప్పే సంతకం దానితో ఉంటే కొనకండి. ఆనాటి ప్రింటును 365 నానోమీటర్ల యూవీ దీపం కింద పెట్టండి. కాగితం నీలంగా మెరిస్తే అది 1950లలోనో ఆ తర్వాతో తయారైంది. తెల్లదనం కోసం కలిపే రసాయనాలు ఫొటో కాగితంలోకి అప్పుడే వచ్చాయి. మెరవకపోతే మాత్రం పాతదని రుజువైనట్టు కాదు. 1971 ఫొటోలకు ఈ పరీక్ష పనికిరాదు.

అపోహ: లామినేషన్ చేయిస్తే భద్రం.

వాస్తవం: లామినేషన్ అంటే ఆ ఫొటోను చేజేతులా పాడుచేయడమే. వేడికి జిగురు అతుక్కుంటే మళ్లీ ఊడదు. విశాఖ సముద్రపు గాలిలో ఏడాదిలో చాలాకాలం తేమ 70 శాతం దాటుతుంది, బూజుకు అంతే చాలు. పాలియెస్టర్ కవర్లు వాడండి, ఘాటు వాసన వచ్చే పీవీసీ వద్దు. మూత బిగిసే 5 లీటర్ల డబ్బాలో సుమారు 50 గ్రాముల సిలికా జెల్, చిన్న తేమ మీటరు పెట్టి 35-50 శాతం మధ్య ఉంచండి. మరీ ఎండితే ప్రింటు చుట్టుకుపోతుంది, పైపొర పగులుతుంది. కలరా ఉండలు అసలు వేయకండి. ఫ్రేములో అద్దం ఫొటోను తాకకుండా మధ్య మౌంటు (దళసరి అట్ట చట్రం) ఉండాలి. ఇప్పటికే అతుక్కుపోయి ఉంటే లాగకుండా అద్దం పైనుంచే స్కాన్ చేయండి. వెనక వివరాలు రాయాలంటే మెత్తని పెన్సిల్‌తో అంచున మాత్రమే.

అపోహ: పేరు పెట్టి రాసిచ్చిన సంతకానికి విలువ తక్కువ.

వాస్తవం: చరిత్రకు అదే మేలు. ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు ఇచ్చారో తెలిస్తే నిజానిజాలు సరిచూసుకునే దారి దొరుకుతుంది.

అపోహ: డబ్బిచ్చి కొన్నది మనిష్టం.

వాస్తవం: చారిత్రక విలువ ఉన్న 75 ఏళ్లు దాటిన చేతిరాత పత్రాలు 1972 నాటి పురావస్తు చట్టం కిందకు వస్తాయి, అలాంటి ఉత్తరాలను ప్రైవేటు వ్యక్తులు సొంతంగా విదేశాలకు పంపడానికి వీల్లేదు. రహస్య ముద్ర ఉన్న సిగ్నల్ (సైనిక సందేశాల) కాగితాలు ఎంత చవకగా వచ్చినా ముట్టుకోవద్దు.