రేకును నురుగు ఎందుకు వదిలేసింది?

విశాఖపట్నం

చిరంజీవులైన నా మనవలకు తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు, గాజువాకలోని మన షెడ్డు రేకుల కింద ఒక మూల ఊడి వేలాడుతున్న పచ్చని నురుగును చూపించి, ఇది ఎందుకు ఊడిందని అడిగారు. పండగ హడావుడిలో సరిగా చెప్పలేకపోయాను కనుక ఇప్పుడు వివరంగా రాస్తున్నాను.

అది ఎండ వేడి లోపలికి దిగకుండా కొట్టించిన పాలియురేథేన్ నురుగు. 1937లో జర్మనీలో ఓటో బాయర్ బృందం కనుగొన్న రసాయన చర్య దీనికి మూలం. ఒక డ్రమ్ములోని ఐసోసయనేట్‌నూ, మరొక డ్రమ్ములోని పాలియాల్ మిశ్రమాన్నీ వేడిచేసి, సమాన పాళ్లలో స్ప్రే గన్ దగ్గర కలిపి చిమ్మితే, కొన్ని సెకన్లలోనే ఉబ్బి గట్టిపడుతుంది. అది రేకును పట్టుకోవలసింది ఆ కాస్త వ్యవధిలోనే.

ఇక్కడే మన ఊరి గాలి అడ్డు వస్తుంది. చలికాలపు రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే రేకు చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడి, సముద్రపు తేమ దాని అడుగున చెమటలా పడుతుంది. చేత్తో తడిమితేనే తెలిసే ఆ పలుచని తడి ఉన్నచోట ఐసోసయనేట్ నీటితో కలిసి కార్బన్ డయాక్సైడును పుట్టిస్తుంది. ఆ బుడగలు రేకుకూ నురుగుకూ మధ్య చేరి, ఎంతమాత్రం పట్టులేని పెళుసు పొరగా మిగిలిపోతాయి. కింది నుంచి చూసేవారికి మాత్రం పని చక్కగానే కనిపిస్తుంది. పైగా గాలి మోసుకొచ్చే ఉప్పు రేకు మీద పేరుకొని తేమను పీల్చుకుంటుంది, తుప్పు పట్టిస్తుంది. పాచి గీకకుండా వేసిన సున్నం పెచ్చులుగా రాలినట్టే, తుప్పు మీద కొట్టిన నురుగు తుప్పుతో సహా ఊడివస్తుంది.

మన షెడ్డులో డిసెంబరు నెలలో ఉదయం ఏడింటికే పని మొదలుపెట్టారు. ఎండ ఎక్కేదాకా ఆగమని నేను చెప్పవలసింది, చెప్పలేదు. ఒకేసారి మందంగా కూడా కొట్టారు. ఈ గట్టిరకం నురుగును ఒక్కో పూతకు సుమారు 2 అంగుళాలు మించనీయరు. మించితే లోపల పుట్టిన వేడి బయటికి పోలేక, చల్లారేటప్పుడు నురుగు కుంచించుకుపోయి అంచులను లాగేస్తుంది.

అమెరికాలో చాలా ఇళ్ల కప్పుకు పెంకుల కింద ప్లైవుడ్ పలకలు ఉంటాయి. అక్కడా ఇదే చిక్కు కనుక, చెక్కలో తేమ 19 శాతం లోపు ఉందని మీటరుతో చూసుకున్నాకే పని మొదలుపెట్టాలంటారు. ఊడిన నురుగు రాలిపోతే నష్టం తక్కువే. రాలకుండా సందు మిగిల్చి నిలిచి ఉంటేనే నాకు భయం, ఎందుకంటే ఆ సందులో తేమ చేరి, మన కంటపడకుండానే రేకును తినేస్తుంది, చెక్కనైతే కుళ్లబెడుతుంది.

ఈ వేసవిలో ఆ మూలంతా గీకించి, మంచినీళ్లతో ఉప్పు కడిగించి, ఆరాక ప్రైమరు వేయించి, రేకు పొడిగా గోరువెచ్చగా ఉన్న వేళ ముందు చిన్న ముక్కకు మాత్రమే కొట్టిస్తాను. ఐసోసయనేట్ ఆవిరి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కనుక ఆ రోజు మీరు షెడ్డు దరిదాపులకు రాకూడదు. మర్నాడు సాయంత్రం వస్తే కత్తితో కోసి లాగి చూద్దాం: నురుగు మధ్యలో చిరిగి కొంత రేకుకే ఉండిపోతే పట్టు కుదిరినట్టు, రేకు బోసిగా బయటపడితే మళ్లీ గీకించాలి.

మీ తాతయ్య