ఉద్దానం లెక్కలు చదివే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

ఉద్దానంలో పెద్దవాళ్ళకు కిడ్నీ జబ్బు ఎందుకంత ఎక్కువగా వస్తోందని మీరు అడిగారు. నీళ్ళ వల్లనేనని ఒక్క మాటలో తేల్చేసేవాళ్ళు మా వైపు చాలామంది ఉన్నారు గానీ, తేలని విషయాన్ని తేలినట్టు మీకు చెప్పడం నాకు ఇష్టం లేదు.

శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వంటి మండలాల్లో పరచుకున్న కొబ్బరి, జీడి తోటల ప్రాంతమే ఉద్దానం. అక్కడ ఊరూరా తిరిగి చేసిన సర్వేల్లో, పెద్దవాళ్ళలో దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరికి మూత్రపిండాలు దెబ్బతిన్న సూచనలు కనిపించాయి. మామూలుగా ఈ జబ్బుకు దారితీసే షుగరు, బీపీ వీరిలో చాలామందికి ముందునుంచీ లేవు. మూత్రపిండాలు సరిగా పనిచేయనప్పుడు రక్తంలో పేరుకునే వ్యర్థం పేరు క్రియాటినిన్; చదువుకోనివాళ్ళు కూడా అక్కడ 'క్రియాటినిన్ ఎంతొచ్చింది?' అని ఒకరినొకరు అడుగుతారు. కాళ్ళు వాచి, ఆకలి చచ్చి, ఆసుపత్రికి వెళ్ళేసరికి మూత్రపిండాల పని చాలావరకు పోయి ఉంటుంది, ఎందుకంటే అంతవరకూ నొప్పీ ఉండదు, గుర్తించదగ్గ లక్షణమూ ఉండదు.

అయితే ఆ 'అయిదుగురిలో ఒకరు' అన్న లెక్కను జాగ్రత్తగా చదవాలి. అటువంటి లెక్క ఉచిత వైద్య శిబిరంలో తీసిందయితే, అక్కడికి అనుమానం ఉన్నవాళ్ళే ముందు వస్తారు కనుక అక్కడి శాతం ఊరి శాతం కాదు. యాదృచ్ఛికంగా ఇళ్ళను ఎంచుకుని, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళనూ పరీక్షిస్తేనే అసలు వ్యాప్తి, అంటే ఊరిలో నూటికి ఎందరికి జబ్బు ఉందో, తెలుస్తుంది. పైగా మూత్రపిండాలు రక్తాన్ని వడపోసే వేగం (నిమిషానికి మిల్లీలీటర్లలో) 60 కంటే తక్కువగా ఉండడమో, మూత్రంలో ప్రోటీను పోవడం వంటి దెబ్బతిన్న గుర్తులో కనీసం మూడు నెలలు కనబడితేనే దాన్ని దీర్ఘకాలిక వ్యాధి అంటారు, ఒక్క రోజు రక్తపరీక్షతో ఆ మాట అనలేము.

ఇక కారణాల సంగతి. భూగర్భజలంలో కరిగిన సిలికా, పురుగుమందులు, ఎండలో చెమటోడుస్తూ చాలినన్ని నీళ్ళు తాగకపోవడం, ఒళ్ళునొప్పులకు మింగే మాత్రలు, వంశపారంపర్యం, ఇలా ఎన్నింటినో అనుమానించారు. జబ్బు ఉన్నవాళ్ళలో ఒక అలవాటు ఎక్కువగా కనబడితే అది ప్రమాద కారకం (జబ్బు వచ్చే అవకాశంతో ముడిపడ్డ అంశం) అవుతుందే తప్ప, అదే కారణమని రుజువైనట్టు కాదు. ఒక ఉదాహరణ చూడండి: రోగుల్లో రైతుకూలీలు ఎక్కువని తేలితే, తప్పు ఎండదా, పురుగుమందుదా, వాళ్ళు తాగే బావి నీళ్ళదా? మూడూ ఒకే మనిషి జీవితంలో కలిసే ఉంటాయి. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోని వరిరైతుల్లో, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకుకూలీల్లో కూడా ఇటువంటి జబ్బే ఉంది గానీ, అన్నిచోట్లా ఒకే కారణమని చెప్పడానికి ఆధారం చాలదు.

కారణం తేలేదాకా చేతులు ముడుచుకు కూర్చోనక్కరలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రినీ, కిడ్నీ పరిశోధన కేంద్రాన్నీ, హిరమండలం జలాశయం నుంచి నీళ్ళు తెచ్చే పథకాన్నీ ప్రారంభించారు. ఆ నీళ్ళ మేలు ఎంతో తెలియాలంటే ఏళ్ళు పడుతుంది, ఎందుకంటే ఇప్పటికే చెడిన మూత్రపిండాన్ని మంచినీళ్ళు బాగుచేయలేవు. రేపు వ్యాప్తి శాతం పెరిగిందని ఎక్కడైనా చదివితే వెంటనే కంగారు పడకండి: డయాలసిస్ వల్ల రోగులు ఎక్కువ కాలం బతికినా ఆ అంకె పెరుగుతుంది. ఏటా కొత్తగా ఎందరికి జబ్బు వస్తోందో చెప్పే లెక్కను విడిగా వెతకండి.

మీ తాతయ్య