గుర్రపు సాలలో పిల్లల చావులు: అపోహలు - వాస్తవాలు

మహబూబ్‌నగర్ చుట్టుపక్కల బరాత్‌లకు గుర్రాలు తెచ్చేవాళ్లం, స్వారీ నేర్పేవాళ్లం కొద్దిమందిమే ఉన్నాం. వనపర్తి, గద్వాల సంస్థానాల నాటి ముచ్చట్లలో సాలలో పనికి కుదిరిన పిల్లగాడు గుర్రం మీంచి పడి చనిపోయిన కథ ఒకటి తప్పక వస్తుంది. తప్పంతా గుర్రానిదే అంటారు. అది నాకు బాధగా ఉంటుంది. నింద గుర్రం మీద వేసినన్నాళ్లు పిల్లలకు నేర్పాల్సింది నేర్పం.

అపోహ: "ఆ గుర్రానికి సుడి మంచిగ లేదు, పిల్లగాన్ని పొట్టన పెట్టుకుంది."

వాస్తవం: సుడి అంటే వెంట్రుకలు తిరిగిన తీరు, అంతే. గుర్రం బెదిరితే ఉరికే జంతువు. తోక వెనకాల, నుదుటికి ఎదురుగా దానికి కనపడదు. ప్రాణం మీదికి తెచ్చేవి తాడూ, రికాబూ (జీనుకు వేలాడే, పాదం పెట్టుకునే కడియం). నీళ్లకు తోలుకెళ్లే కుర్రాడు తాడు జారకుండా మణికట్టుకు రెండు చుట్లు వేసుకుంటాడు. నాలుగు క్వింటాళ్ల జంతువు ఒక్కసారి ఎగిరితే ఆ చుట్లు బిగుసుకుంటాయి, విప్పుకునే సందుండదు. వెనక ఈడ్చుకొస్తున్న బరువుకు బెదిరి అది ఇంకా ఉరుకుతుంది. పెద్దల జీను మీద ఉత్త కాళ్లతో ఎక్కిన పిల్లవాడి పాదం రికాబులోంచి మడమ దాకా దూరినా అంతే. తాడు చేతికి చుట్టొద్దు, మడతపెట్టి పట్టుకోవాలి. మడమ ఉన్న బూటు వేసుకుని, పాదం ముందు భాగమే రికాబులో ఆనించాలి.

అపోహ: "పడ్డాక లేచి నడిచిండు, ఏం కాలే."

వాస్తవం: తలకు దెబ్బ తగిలితే పుర్రె లోపల రక్తం మెల్లగా చేరొచ్చు. కొన్ని గంటలు మామూలుగానే మాట్లాడతారు. ఆ తర్వాత వాంతులు, మగత. అప్పటికి ఎక్కడో పొలంలో పడుకోబెట్టి ఉంటారు. ఇప్పుడైతే వెంటనే దవాఖానకు తీసుకుపోయి స్కాన్ తీయించండి.

అపోహ: "పుండు మానింది, తర్వాత గాలి సోకి చచ్చిపోయిండు."

వాస్తవం: అది ధనుర్వాతం కావచ్చు. దాని బీజాలు లద్దెలో, సాల మట్టిలో ఉంటాయి. గాయమైన 3 నుంచి 21 రోజుల్లో దవడ బిగుసుకుంటుంది, వెన్ను విల్లులా వంగుతుంది. అప్పటికి పైన గీరుడు మానిపోయే ఉండొచ్చు, అందుకే ఎవరూ రెండింటినీ కలిపి చూడలేదు. దీని టీకా 1924లో గానీ తయారు కాలేదు. సాలలో పనిచేసే ప్రతి పిల్లవాడికీ ధనుర్వాతం సూది (ఇదివరకు టీటీ, ఇప్పుడు టీడీ) తప్పనిసరి. చిన్న గీరుడైనా సబ్బుతో కడగాలి.

అపోహ: "తలపాగా ఉంటే చాలు."

వాస్తవం: చాలదు. పట్టీ బిగించిన స్వారీ హెల్మెటే కావాలి, గట్టి దెబ్బ తిన్నదాన్ని మళ్లీ వాడొద్దు.