పాత ఫ్లాపీ దొరికిందా? "ఒకసారి పెట్టి చూద్దాం" అనుకోకండి

పాత ఫ్లాపీలు, క్యాసెట్ల నుంచి ప్రోగ్రాములు బయటికి తీసి భద్రపరచడం నా పని. నాన్నగారు జీడబ్ల్యూ-బేసిక్‌లో (పాత డాస్ పీసీల్లో వాడిన ప్రోగ్రామింగ్ భాష) రాసుకున్న జాతకచక్రం, బాబాయి కొట్టు ఖాతాల కోసం డీబేస్‌లో చేసింది, కాలేజీ రోజుల్లో టర్బో సీలో రాసిన ఆట, ఇలాంటివే ఎక్కువ వస్తాయి. తెచ్చినవాళ్లలో చాలామంది చెప్పే మొదటి మాట ఒకటే: "డ్రైవ్‌లో పెట్టామండీ, చదవలేదు, ఓ పది పదిహేనుసార్లు ట్రై చేశాం." అది విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: పెట్టి చూస్తే పోయేదేముంది?

ఉన్నదంతా పోవచ్చు. హార్డ్ డిస్క్‌లో హెడ్ (డేటా చదివే భాగం) పైన తేలుతుంది కానీ ఫ్లాపీలో హెడ్ డిస్క్‌ని తాకుతూనే చదువుతుంది. వైజాగ్, కాకినాడ లాంటి చోట్ల ఏళ్ల తరబడి అటక మీదో బీరువాలోనో ఉన్న ఫ్లాపీకి బూజు పట్టడం మామూలే. నిమిషానికి 300 చుట్లు తిరిగే డిస్క్ మీద ఆ బూజు హెడ్‌కి అంటుకుని గీరడం మొదలుపెడుతుంది. అదే హెడ్‌తో మీరు పెట్టే తర్వాతి ఫ్లాపీకీ అదే గతి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 360 కేబీ డాస్ ఫ్లాపీలో బూట్ సెక్టార్ (డిస్క్ ఎలాంటిదో చెప్పేది), రెండు ఫ్యాట్‌లు (ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే పట్టికలు), రూట్ డైరెక్టరీ (ఫైళ్ల పేర్ల జాబితా) అన్నీ అంచున ఉండే మొట్టమొదటి ట్రాక్‌లోనే (డేటా రాసే వలయం), రెండు వైపులా కలిపి 12 సెక్టార్లలో (ట్రాక్‌లోని చిన్న ముక్కలు) సర్దుకుంటాయి. చదవలేకపోయిన ప్రతిసారీ డ్రైవ్ వెనక్కి వెళ్లి ఆ ట్రాక్ నుంచే మళ్లీ మొదలుపెడుతుంది. అంటే మీరు రీట్రై కొట్టిన కొద్దీ అరిగేది సరిగ్గా ఆ చోటే.

కాకినాడ నుంచి ఒకాయన వాళ్ల నాన్నగారి తిథి-నక్షత్రం ప్రోగ్రాం ఉన్న డిస్క్ తెచ్చారు. ఎవరో పాత పీసీలో రోజంతా ప్రయత్నించి, "ఇది చచ్చిపోయింది, పారేయండి" అన్నారట. జాకెట్ (డిస్క్ పైతొడుగు) అంచు కోసి డిస్క్ బయటికి తీసి ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుంటే, అంచు దగ్గర సన్నటి వలయంలోంచి అవతలి వెలుతురు కనిపించింది. ఆ మేర గోధుమరంగు పూతంతా లేచిపోయి ఉత్త ప్లాస్టిక్ మిగిలింది. అక్కడున్నది ఇక ఎవరూ తేలేరు. ఆయన మొహం చూడలేకపోయాను. కానీ మిగతా ట్రాకులు బాగానే ఉన్నాయి. శుభ్రం చేసి, వేరే జాకెట్‌లో పెట్టి, గ్రీస్‌వీజిల్ బోర్డుతో (ఫ్లాపీ డ్రైవ్‌ని యూఎస్‌బీకి కలిపే చిన్న సర్క్యూట్) ఫ్లక్స్ ఇమేజ్, అంటే డిస్క్ మీది అయస్కాంత సంకేతాల పూర్తి నకలు, తీశాను. ఫైళ్ల పేర్లు పోయాయి కాబట్టి ఇమేజ్ మొత్తంలో TITHI, NAKSHATRAM అన్న అక్షరాల కోసం వెతికాను. జీడబ్ల్యూ-బేసిక్ ఫైల్‌లో ఆదేశాలు టోకెన్లుగా (పొట్టి సంకేతాలుగా) మారిపోయినా కొటేషన్లలో ఉన్న మాటలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. దొరికింది. పాత బేసిక్ ప్రోగ్రాముల్ని ఇప్పటి కంప్యూటర్లలో నడిపే పీసీ-బేసిక్‌లో రన్ చేసి చూపించాను.

కాబట్టి ముందు మెటల్ షట్టర్ జరిపి, లేదా 5.25 అంగుళాలదైతే కిటికీలోంచి, నడిమి చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పుతూ వెలుతురులో చూడండి. తెల్లటి మచ్చలో, గీతలో కనిపిస్తే అక్కడితో ఆగండి. శుభ్రం చేయాలంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని బట్ట. మందుల షాపు స్పిరిట్ వద్దు, నెయిల్ పాలిష్ రిమూవర్ అసలే వద్దు. చింతపండు ఆరబెట్టినట్టు ఎండలో పెట్టమని వాట్సాప్‌లో తిరిగే సలహా ఎవరిదో గానీ, దానివల్ల జాకెట్లు వంకర్లు పోయిన డిస్కులు చూశాను. దయచేసి వద్దు.

అపోహ: "ఫార్మాట్ చేయాలా?" అని అడిగిందంటే డిస్క్ ఖాళీ అన్నమాట.

కాదు. విండోస్‌కి మొదటి ట్రాక్ అర్థం కాలేదంతే. నో కొట్టి డిస్క్ తీసేయండి. పూర్తి ఫార్మాట్ అయిందంటే పాత డేటా మీద కొత్తగా రాసేసినట్టే. అసలు ఏ డిస్క్ అయినా పెట్టేముందు రైట్ ప్రొటెక్ట్ చేయండి: 5.25కి పక్కనున్న గాడి మీద స్టిక్కర్ అంటించాలి, 3.5కి చిన్న కన్నం తెరిచి ఉంచాలి, రెండూ తిరగబడి ఉంటాయి, టెన్షన్‌లో తారుమారు చేయకండి. విండోస్ 95, 98 అయితే డిస్క్ తెరిచినా చాలు, అడక్కుండానే బూట్ సెక్టార్‌లో తమ గుర్తు రాసేస్తాయి.

అపోహ: నోట్‌ప్యాడ్‌లో పిచ్చి అక్షరాలొస్తే ఫైల్ కరప్ట్.

కాకపోవచ్చు, బేసిక్ ఫైలైతే ఇంతకుముందు చెప్పిన టోకెన్లే అవి. హెక్స్ ఎడిటర్‌లో (ఫైల్‌ని బైట్లుగా చూపించే ప్రోగ్రాం) చూస్తే మొదటి బైట్ FF అయితే మామూలుగా సేవ్ చేసిన బేసిక్ ప్రోగ్రాం, FE అయితే సేవ్ చేసేటప్పుడు చివర కామా పీ (,P) పెట్టి లిస్టింగ్ కనపడకుండా దాచుకున్నది. పీసీ-బేసిక్‌లో రెండూ తెరుచుకుంటాయి.

యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ కొంటే అన్నీ చదవొచ్చనుకోవడం కూడా తప్పే. అది 3.5 అంగుళాల పీసీ డిస్కులకే, అమీగా (పాత హోమ్ కంప్యూటర్) డిస్కులు చదవదు. ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌రేలో చెరిగిపోతాయని అమెరికా నుంచి ఫోన్ చేసి కంగారుపడేవాళ్లు చాలామంది, ఎక్స్‌రేకి మాగ్నెటిక్ డిస్క్ చెరగదు, నిశ్చింతగా తీసుకెళ్లండి. స్పెక్ట్రమ్ (క్యాసెట్ల మీద ప్రోగ్రాములు దాచుకునే పాత హోమ్ కంప్యూటర్) క్యాసెట్లు రికార్డ్ చేసేటప్పుడు డబ్ల్యూఏవీ (WAV) ఫైల్‌గానే ఉంచండి, ఎంపీత్రీ చేయకండి. ఇమేజ్ తీశాక అసలు డిస్క్ పారేయకండి, లేబుల్ మీద పెన్నుతో రాసింది ఫొటో తీసి ఇమేజ్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టుకోండి, చాలాసార్లు ప్రోగ్రాం ఎలా స్టార్ట్ చేయాలో రాసి ఉండేది ఆ ఒక్కచోటే.