స్పెషల్: చూపులోంచి పుట్టిన మాట

తిరుమలలో టికెట్టు లేకుండా వెళ్లేది సర్వదర్శనం. 300 రూపాయలదాన్ని దేవస్థానం ప్రత్యేక ప్రవేశ దర్శనం అంటుంది, తిరుపతి బస్టాండులో మాత్రం అది స్పెషల్ దర్శనమే.

ఈ జంటపదంలో రెండు మాటలకూ మూలం చూపే. దర్శనం సంస్కృత దృశ్ ధాతువు నుంచి వచ్చింది. స్పెషల్‌కు మూలమైన లాటిన్ క్రియ ‘స్పెకెరె’కు చూడటమని అర్థం. సంస్కృతంలో గూఢచారిని స్పశుడనడం కూడా ఆ కుదురులోదే. చూసినప్పుడు కనబడే రూపం ‘స్పెకియెస్’. రూపాన్నిబట్టి రకాన్ని పోల్చుకుంటాం కనుక ఆ మాటకే రకం, జాతి అనే అర్థాలు కలిగాయి. జీవశాస్త్రంలోని స్పీషీస్ అదే. సరుకుల రకాలన్న అర్థంలో వర్తకుల నోట నలిగి, ఫ్రెంచి మీదుగా స్పైస్ అయిందీ అదే. స్పెషల్ మసాలా దోశ అని బోర్డు రాయించే హోటలు యజమానికి ఈ చుట్టరికంతో పనిలేదనుకోండి.

ఫలానా రకానికి చెందినది అని చెప్పడానికి పుట్టిన విశేషణం ‘స్పెకియాలిస్’. ప్రాచీన ఫ్రెంచి మీదుగా 13వ శతాబ్దంలో అది ఇంగ్లీషుకు చేరింది. మొదట అందులో గొప్పదనం లేదు, వేరుతనమే. వేరైనది మేలైనదిగా మారడం తర్వాతి సంగతి. మన ప్రత్యేకమూ అంతే: ప్రతి, ఏక కలిసి ఒక్కొక్కటిగా అని చెప్పిన మాట, ఇప్పుడు అందరికీ దక్కనిదాన్ని చెబుతోంది.

చట్టం ఈ మాటను పాత అర్థానికి దగ్గరగానే వాడుకుంది. 2005 నాటి చట్టంలోని స్పెషల్ ఎకనామిక్ జోన్ అంటే పన్నులు, సుంకాల విషయంలో వేరే నిబంధనలు నడిచే ప్రాంతం. సత్యవేడు దగ్గరి శ్రీసిటీలో అలాంటిది ఉంది. 1969లో మొదలైన స్పెషల్ కేటగిరీ కూడా కొండ ప్రాంతాలు, సరిహద్దులు, వెనుకబాటు వంటి కారణాలతో కేంద్ర సాయం విషయంలో కొన్ని రాష్ట్రాలను వేరుగా లెక్కగట్టే పద్ధతి.

తెలుగులో అది ప్రత్యేక హోదా అయింది. కేటగిరీ అంటే వర్గం. హోదా అనేసరికి పరువు కూడా వచ్చి చేరింది. ఆంధ్రప్రదేశ్ అడిగిన ఆ హోదాకు బదులుగా 2016 సెప్టెంబరులో కేంద్రం ప్రకటించిన సాయానికి ప్రత్యేక ప్యాకేజీ అని పేరు పడింది. అయినా 2018 ఏప్రిల్ 30న తిరుపతి తారకరామ మైదానంలో జరిగిన తెలుగుదేశం ధర్మపోరాట సభ అడిగింది హోదానే. ప్యాకేజీకి ముందు తగిలించిన ప్రత్యేకానికి అక్కడ విలువ దక్కలేదు.